జీను మీద క్లాసు

"స్కూల్లో గుర్రపు స్వారీ నేర్చుకున్నాను" అని మన హాస్టల్లో చెబితే వచ్చే మొదటి మాట: "అబ్బో, జమీందారులా మీరు?" రెండోది: "అయితే సినిమా హీరోలా దూకించేవాడివా?" ఈ రెండిటికీ నవ్వి ఊరుకుంటాను. మూడో ప్రశ్న మాత్రం ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. "మా తమ్ముడి స్కూల్లో కొత్తగా హార్స్ రైడింగ్ పెట్టారు, ఫీజు విడిగా కట్టాలట. నాన్న అడుగుతున్నాడు, దానివల్ల పిల్లాడికి నిజంగా ఏమైనా ఒరుగుతుందా, లేక బ్రోచర్లో ఫొటో కోసమేనా?"

కారిడార్లో నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదిది. అందుకే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మేం జమీందారులం కాదు. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఎంట్రన్స్ రాస్తే ఒక రెసిడెన్షియల్ స్కూల్లో సీటొచ్చింది, అక్కడ టైమ్‌టేబుల్లో లెక్కలూ సైన్సూ ఉన్నట్టే వారానికి మూడు పొద్దుటి పూటలు రైడింగ్ ఉండేది. ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా నాలుగేళ్ళు చేశాను. పతకాలేవీ రాలేదు. కానీ ఆ నాలుగేళ్ళలో నాలోనూ నా తోటివాళ్ళలోనూ ఏం మారిందో దగ్గరుండి చూశాను. అది ఎందుకు మారిందో ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతుంటే ఇంకొంచెం అర్థమవుతోంది.

ముందు గుర్రం గురించి నాలుగు ముక్కలు

గుర్రం నాలుగైదు వందల కిలోల జంతువు. అయినా దాని స్వభావం మాత్రం వేటాడే జంతువుది కాదు, వేటకు గురయ్యే జంతువుది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

దాని కళ్ళు తలకు అటూ ఇటూ పక్కల్లో ఉంటాయి. అందుకే తల తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీలు చూడగలదు. చూడలేనివి రెండే చోట్లు: సరిగ్గా నుదుటి ముందు కొంచెం, సరిగ్గా తోక వెనక కొంచెం. అందుకే గుర్రం దగ్గరికి ఎప్పుడూ భుజం వైపు నుంచి, పలకరిస్తూ వెళ్ళాలి. వెనక నుంచి చడీచప్పుడు లేకుండా వెళ్తే అది తన్నేది కోపంతో కాదు, పులేమో అనుకుని. చెవులు రెండూ విడివిడిగా తిరుగుతాయి. ఒక చెవి మన వైపు, ఇంకో చెవి ప్రహరీ అవతల వెళ్తున్న ట్రాక్టర్ వైపు ఉండొచ్చు. రెండు చెవులూ వెనక్కి అతుక్కుపోయాయంటే మాత్రం మనం పక్కకి తప్పుకోవాలి.

భయమేస్తే గుర్రానికి తెలిసిన మొదటి పని పరుగు. తర్వాతే ఆలోచన. గాలికి ఎగిరిన పాలిథిన్ కవరు చూసి అరటన్ను బరువున్న జంతువు ఒక్క ఉదుటున పక్కకి గెంతుతుంది. దాని వీపు మీద పన్నెండేళ్ళ పిల్లాడు ఉన్నాడు. వాడు ఆ క్షణంలో ఏం చేస్తాడన్నదే రైడింగ్ క్లాసులో అసలు పాఠం.

మొదటి నెల ఎక్కనే ఎక్కం

చాలామంది అనుకునేది, చేరగానే జీను మీద కూర్చోబెట్టి తిప్పుతారని. బీచ్‌లో గుర్రం ఎక్కడానికీ స్కూల్ ప్రోగ్రాంకీ తేడా ఇక్కడే ఉంది. మాకు మొదటి నెలంతా లాయంలోనే పని.

పొద్దున ఐదున్నరకి లాయం చేరాలి. రాత్రి వేసిన లద్దె ఎత్తాలి, తడి గడ్డి తీసి పొడిది పరవాలి. తర్వాత మాలీషు. గుండ్రటి రబ్బరు దువ్వెనతో ఎండిన మట్టి రాల్చాలి, గట్టి బ్రష్‌తో దుమ్ము దులపాలి, మెత్తటి బ్రష్‌తో ముఖం తుడవాలి. తర్వాత ఒక్కో కాలూ ఎత్తించి డెక్కలో ఇరుక్కున్న రాళ్ళూ మట్టీ కొక్కెంతో తీయాలి. డెక్క అడుగున 'వి' ఆకారంలో ఒక భాగం ఉంటుంది, దాన్ని ఫ్రాగ్ అంటారు. అక్కడ కొక్కెం గట్టిగా తగలకూడదు. డెక్క మన గోరులాగే నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఆరు వారాలకోసారి లాడాలు తీసి, అరగదీసి, మళ్ళీ కొట్టాలి.

ఇది చాకిరీలా కనిపిస్తుంది, చాకిరీయే. కానీ నెల తిరిగేసరికి ఒక విచిత్రం జరుగుతుంది. రోజూ చేత్తో తడిమిన కాలు ఇవాళ కొంచెం వేడిగా ఉంటే చేతికే తెలిసిపోతుంది. జీను కిందికి వచ్చే చోట చర్మం ఒరుసుకుందంటే కంటికి కనిపిస్తుంది. "పరిశీలనా శక్తి పెంపొందించుకోండి" అని ఎన్ని అసెంబ్లీల్లో విన్నా రానిది, బ్రష్ పట్టుకుంటే వచ్చింది.

మా ఇన్‌స్ట్రక్టర్ ఆర్మీలో పనిచేసి రిటైరైన పెద్దాయన. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. లాయం చూసుకునే సాయిస్‌ని చాచా అని పిలిచేవాళ్ళం. "దాణా మీరు పెట్టండి, నీళ్ళు మీరు పట్టండి. కడుపు నింపిన చెయ్యి ఏదో దానికి తెలియాలి" అనేవాడు చాచా. గుర్రం రోజుకి పాతిక నుంచి నలభై లీటర్ల దాకా నీళ్ళు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఆ బకెట్లు మోసినవాళ్ళకి నీటి విలువ మీద వ్యాసరచన పోటీ అక్కర్లేదు.

నాలుగు నడకలు, ఒక పాత ఫొటో

రెండో నెలలో జీను, కళ్ళెం వేయడం నేర్పారు. పొట్ట కింద కట్టే పట్టీ ఒకసారి బిగించి, రెండు నిమిషాలు నడిపించి మళ్ళీ బిగించాలి. ఎందుకంటే కొన్ని గుర్రాలు పట్టీ కడుతున్నప్పుడు పొట్ట బిగబట్టి, తర్వాత వదులుతాయి. అది చూసుకోకుండా ఎక్కితే జీనుతో సహా పక్కకి జారతాం. తర్వాత ఎడమ వైపు నుంచి ఎక్కడం. ఎడమే ఎందుకంటే, పూర్వం సైనికులకి కత్తి ఎడమ నడుముకి వేలాడేది, కుడి కాలు తిప్పి ఎక్కితేనే అది అడ్డురాదు అని చెప్తారు. కత్తులు పోయాయి, అలవాటు ఉండిపోయింది.

మొదట లంజింగ్. అంటే ఉస్తాద్ మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతాడు, పైన పిల్లాడు పగ్గాలు వదిలేసి, చేతులు చాపి కూర్చోవాలి. పగ్గం పట్టుకుని బ్యాలెన్స్ చేసుకునే అలవాటు మొదట్లోనే పోవాలని ఇది. ఉస్తాద్‌కి ఇష్టమైన మాట ఒకటుంది: "పగ్గం పట్టుకో, వేలాడకు."

గుర్రానికి ముఖ్యంగా నాలుగు నడకలు. వాక్‌లో ఒక్కో కాలూ విడిగా పడుతుంది, నాలుగు దెబ్బల తాళం. ట్రాట్‌లో ఐమూలగా ఉన్న రెండేసి కాళ్ళు కలిసి పడతాయి, రెండు దెబ్బలు. కాంటర్‌లో మూడు దెబ్బలు, తర్వాత ఒక క్షణం గాల్లో. గాలప్ మళ్ళీ నాలుగు దెబ్బలు, కానీ వేగంగా. సంగీతం వచ్చినవాళ్ళు వీటిని ముందు చెవితోనే పట్టేస్తారు.

గాలప్‌లో నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల విడుస్తాయా లేదా అన్నది ఒకప్పుడు పెద్ద చర్చ. కంటికి అందని వేగం మరి. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ ట్రాక్ పక్కన వరసగా కెమెరాలు పెట్టి, పరుగెడుతున్న గుర్రాన్ని ఫొటోలు తీసి తేల్చాడు. నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే మాట నిజమే, కానీ చిత్రకారులు అన్నాళ్ళూ గీసినట్టు కాళ్ళు ముందుకీ వెనక్కీ చాపినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. సినిమా పుట్టుకలో ఈ ఫొటోలకీ పాత్ర ఉంది.

ట్రాట్ దగ్గరే కొత్తవాళ్ళకి ఏడుపొస్తుంది. రెండు దెబ్బల కుదుపుకి ఎముకలు కదిలిపోతాయి. దానికి ఉపాయం రైజింగ్ ట్రాట్: ఒక దెబ్బకి జీను మీంచి లేవాలి, ఇంకో దెబ్బకి కూర్చోవాలి. గుండ్రంగా తిరుగుతున్నప్పుడు గుర్రం బయటి వైపు భుజం ముందుకి వెళ్తుంటే లేవాలి. తప్పితే ఒక అడుగు ఎక్కువ కూర్చుని సరిచేసుకోవాలి. ఇది బలం పని కాదు, తాళం పని. క్లాసులో అందరికన్నా దిట్టంగా ఉండే కబడ్డీ ఆటగాడు రెండు వారాలు తంటాలు పడ్డాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని ఒకమ్మాయి, ఇంట్లో మృదంగం వింటూ పెరిగింది, మొదటిరోజే పట్టేసింది. ఆ రోజు నుంచి క్లాసులో ఆ అమ్మాయి కూర్చునే తీరే మారిపోయింది.

కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి

థర్డ్ ఇయర్లో ఫీడ్‌బ్యాక్ లూప్ పాఠం చెబుతుంటే నాకు ఉస్తాద్ కనిపించాడు.

రైడర్ ఇచ్చే సంకేతాలు నాలుగు: కూర్చునే తీరు, కాళ్ళ ఒత్తిడి, చేతులు, గొంతు. గుర్రం స్పందిస్తుంది, ఆ స్పందనను బట్టి మనం మళ్ళీ సరిచేస్తాం. మధ్యలో కొంత ఆలస్యం ఉంటుంది. కొత్తవాళ్ళు ఆ ఆలస్యం ఓర్చుకోలేక ఇంకాస్త లాగుతారు. గుర్రం ఎక్కువ తిరుగుతుంది. అయ్యో అని అటు లాగుతారు. అది అటు ఎక్కువ తిరుగుతుంది. గ్రౌండ్‌లో పాము నడిచినట్టు గీత పడుతుంది. గెయిన్ మరీ ఎక్కువ పెడితే సిస్టమ్ ఊగిసలాడుతుందని మనం పేపర్ మీద నేర్చుకునేది ఇదే. కాకపోతే ఇక్కడ సిస్టమ్‌కి సొంత బుర్ర, సొంత భయాలు ఉన్నాయి.

ఇంకో ముఖ్యమైన సూత్రం ఉంది. గుర్రానికి నేర్పేది ఒత్తిడి కాదు, ఒత్తిడి వదలడం. కాలితో మెల్లగా నొక్కుతాం. అది ఒక్క అడుగు ముందుకేసిన క్షణంలోనే నొక్కడం ఆపాలి. అప్పుడే దానికి "ఓహో, నేను చేసింది సరైనదే" అని తెలుస్తుంది. అది అడుగేశాక కూడా నొక్కుతూనే ఉంటే ఏం చెయ్యాలో తెలియక అయోమయపడుతుంది, కొన్నాళ్ళకి పట్టించుకోవడమే మానేస్తుంది. మా స్కూల్లో కొన్ని గుర్రాలు అలా మొద్దుబారి వచ్చినవే. చెప్పింది చేసినా ఇంకా చెయ్యి అనే ఇళ్ళలో పెరిగిన పిల్లలూ అంతే కదా అని నాకిప్పుడు అనిపిస్తుంది.

గుర్రం మనిషిని ఎంతగా చదువుతుందో చెప్పడానికి బెర్లిన్ కథ ఒకటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫాన్ ఓస్టెన్ అనే టీచరు దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడికలు అడిగితే డెక్కతో నేలమీద తట్టి జవాబు చెప్పేది. ఊరంతా విడ్డూరం. ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు పరీక్షించి 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోతే హాన్స్‌కీ తెలియదు. అడిగేవాడు కనిపించకపోయినా తెలియదు. సరైన అంకె వచ్చేసరికి అడిగేవాడి ముఖంలో, మెడలో తనకే తెలియకుండా కలిగే చిన్న సడలింపును చూసి అది తట్టడం ఆపేది. మోసం ఎవరూ చేయలేదు. గుర్రానికి లెక్కలు రావు. మనుషులు వచ్చు.

లోపల వణుకుతూ పైకి ధీమాగా కనిపించడం టీచర్ ముందు పనికొస్తుందేమో, హాన్స్ జాతి ముందు పనికిరాదు. మన తొడలు బిగుసుకుంటే, ఊపిరి బిగబడితే దానికి జీను కిందనుంచి తెలిసిపోతుంది. అందుకని రైడర్ ధైర్యం నటించడం నేర్చుకోడు. ఊపిరి నిదానంగా వదలడం, భుజాలు దించడం, చూపు దూరంగా నిలపడం నేర్చుకుంటాడు. ఒళ్ళు నిదానిస్తే మనసూ నిదానిస్తుంది. సెమిస్టర్ వైవాకి ముందు నేనిప్పటికీ చేసేది అదే.

పిల్లల్లో ఏం మారింది?

"నాయకత్వ లక్షణాలు, ఆత్మవిశ్వాసం, క్రమశిక్షణ" అని బ్రోచర్లు రాసుకుంటాయి. అవి పెద్ద పెద్ద మాటలు. నేను చూసినవి చిన్నవి.

మార్కుల్లో ఎప్పుడూ మొదటి స్థానంలో ఉండే మా క్లాస్‌మేట్ ఒకడుండేవాడు. జవాబు తెలిస్తే పనైపోతుందని వాడి నమ్మకం. రేస్ కోర్సు నుంచి రిటైరైన ఒక గుర్రం వాడికి పడింది. మన దేశంలో రైడింగ్ స్కూళ్ళకి వచ్చే గుర్రాల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. వాటికి పరుగు తెలుసు, నెమ్మది తెలియదు. పగ్గం గట్టిగా లాగితే రేసు గుర్రం దాని మీద ఆనుకుని ఇంకా వేగం పెంచుతుంది. వాడు పుస్తకంలో చదివిందంతా చేశాడు, గుర్రం వినలేదు. మూడు వారాలు వినలేదు. తెలిసిన విషయం కూడా వెంటనే జరగదని వాడు జీవితంలో మొదటిసారి చూశాడు. కోపం తెచ్చుకున్న రోజు గుర్రం ఇంకా బిగుసుకునేది. నెమ్మదించిన రోజు అదీ నెమ్మదించేది. ఆ తర్వాత వాడు తోటివాళ్ళకి లెక్కలు చెప్పే పద్ధతి మారింది. "ఇంత సింపుల్ కూడా రాదా" అనడం మానేశాడు.

రెండో సంగతి మా తొమ్మిదో తరగతి నాటిది. చాందినీ అని తెల్లటి ఆడగుర్రం ఉండేది, వయసు మీద పడింది, చిన్నపిల్లలకి అదే మొదటి గురువు. ఒక సాయంత్రం లాయం డ్యూటీలో ఉన్న మా బ్యాచ్ కుర్రాడు ఉస్తాద్ దగ్గరికెళ్ళి, "సార్, చాందినీ మధ్యాహ్నం నుంచి లద్దె వెయ్యలేదు. పొట్ట వైపు తిరిగి తిరిగి చూసుకుంటోంది" అన్నాడు. చదువులో ఎప్పుడూ వెనకబెంచీ వాడు. క్లాసులో నోరు విప్పడం ఎవరూ చూడలేదు.

అది కోలిక్. కడుపునొప్పి అంటే మనకి చిన్న విషయం. గుర్రానికి ప్రాణం మీది మాట. దాని శరీరానికి దేహ పరిమాణంతో పోలిస్తే జీర్ణాశయం చిన్నది, ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు పడుతుంది. రోజంతా కొంచెం కొంచెం మేసే జంతువుకి అది చాలు. కానీ గుర్రం వాంతి చేసుకోలేదు. లోపల గ్యాస్ నిండినా, మేత అడ్డుపడినా, పేగు మెలిపడినా పైకి దారి లేదు. త్వరగా కనిపెడితే చాలాసార్లు బతుకుతుంది, ఆలస్యమైతే లేదు.

వెటర్నరీ డాక్టర్ వచ్చారు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోకి నూనె పంపారు. పొట్టకి స్టెతస్కోప్ పెట్టి పేగుల చప్పుడు మమ్మల్నీ విననిచ్చారు. ఆరోగ్యంగా ఉన్న గుర్రం పొట్టలో దూరపు ఉరుముల్లా గుడగుడలు వినిపించాలి. ఆ రాత్రి ఒక పక్క నిశ్శబ్దం. అది నేల మీద పడి దొర్లకుండా మెల్లగా నడిపిస్తూ ఉండమన్నారు. వార్డెన్ అనుమతిచ్చారు, ఇద్దరిద్దరు చొప్పున అరగంట వంతులేసుకున్నాం, పక్కన ఉస్తాద్, చాచా. తెల్లవారుజామున నాలుగింటికి చాందినీ లద్దె వేసింది. లద్దె చూసి పన్నెండుమంది పిల్లలు చప్పట్లు కొట్టడం బహుశా ఏ స్కూల్ వార్షికోత్సవంలోనూ జరిగి ఉండదు.

ఆ కుర్రాడికి బహుమతులేమీ ఇవ్వలేదు. చాచా మాత్రం "వీడి కళ్ళే దీన్ని కాపాడాయి రా" అని అందరి ముందూ అన్నాడు. వాడు ఇప్పుడు వెటర్నరీ సైన్స్ చదువుతున్నాడు. గుర్రం వాడిని తెలివైనవాడిని చేసిందని నేను అనను. వాడి తెలివి అంతకుముందే ఉంది. అది కనిపించే చోటు స్కూల్లో అప్పటిదాకా లేదు, అంతే.

మూడోది పడటం. నాలుగేళ్ళలో పడనివాడు మాలో ఎవడూ లేడు. పడితే మొదట దెబ్బ చూస్తారు. తలకి తగిలిందేమోనని అనుమానం ఉంటే ఆ రోజుకి స్వారీ లేదు, డాక్టర్ దగ్గరికే. ఏమీ కాలేదని తేలితే మాత్రం అదే గుర్రం మీద ఒక్క చుట్టు, నడకలో. ఆ ఒక్క చుట్టు కోసం బలవంతం చేయకుండా పక్కన నడిచే మనిషి కావాలి. సరైన మనిషి లేకపోతే ఇదే పద్ధతి పిల్లల్లో జీవితకాలం భయం మిగల్చగలదు.

లిస్ హార్టెల్ ఎక్కిన మెట్టు

గుర్రం శరీరానికి చేసే మేలు గురించి చెప్పేటప్పుడు ఒక పేరు తప్పక చెప్పాలి. డెన్మార్క్‌కి చెందిన లిస్ హార్టెల్‌కి 1944లో పోలియో సోకింది. మోకాళ్ళ కింద చచ్చుబడిపోయింది. మళ్ళీ స్వారీ వద్దని చెప్పినా ఆమె వినలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్ డ్రెస్సాజ్‌లో రజతం గెలిచింది. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఒకరు సాయం పట్టాల్సి వచ్చేది. ఆ పోటీలో మహిళలని అనుమతించిన మొదటి ఒలింపిక్స్ అదే. 1956లో మళ్ళీ రజతం గెలిచింది. వైకల్యం ఉన్నవాళ్ళకి గుర్రపు స్వారీతో చికిత్స అనే ఆలోచన యూరప్‌లో ఊపందుకోవడానికి ఆమె కథ పెద్ద కారణం.

ఇందులో శాస్త్రం ఉంది. గుర్రం నడుస్తుంటే దాని వీపు ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందకీ లయగా కదులుతుంది. ఆ కదలిక కూర్చున్నవాడి నడుముకి దాదాపు మనం నడిచేటప్పటి కదలికనే ఇస్తుంది. పొట్ట, నడుము కండరాలు ప్రతి అడుగుకీ సర్దుకుంటూనే ఉండాలి. గూని కూర్చుని ఫోన్ చూసే మన వెన్నులకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. ఒలింపిక్స్ గుర్రపు స్వారీలో ఆడా మగా విడిగా పోటీపడరు. ఒకే పోటీ, ఒకే పతకం. మా స్కూల్లోనూ అంతే. "అమ్మాయిల బ్యాచ్‌కి ఈజీగా పెట్టండి సార్" అనే మాట రైడింగ్ గ్రౌండ్‌లో ఎప్పుడూ వినలేదు. బలంతో గెలిచే ఆట కాదు కదా.

మన దేశంలో, మన భాషలో

2023 సెప్టెంబర్‌లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో డ్రెస్సాజ్ టీమ్ స్వర్ణం మన దేశానికొచ్చింది. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా. గుర్రపు స్వారీలో ఏషియాడ్ స్వర్ణం రావడం 1982 ఢిల్లీ తర్వాత, అంటే 41 ఏళ్ళకి మళ్ళీ. వీళ్ళలో దివ్యకృతి స్వారీ మొదలుపెట్టింది అజ్మీర్‌లోని మేయో గర్ల్స్ స్కూల్లో చదివేటప్పుడే. హైదరాబాద్ బేగంపేటలోని పబ్లిక్ స్కూల్లోనూ స్వారీ ఉంది. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం మొదలైన బడి అది. ఎన్‌సీసీలో రీమౌంట్ అండ్ వెటర్నరీ యూనిట్లు ఉన్న చోట మామూలు కాలేజీ పిల్లలకీ, ఏ జాగీరూ లేకపోయినా, ఈ అవకాశం దొరుకుతుంది.

ఇది సాహిత్య క్లబ్ పత్రిక కాబట్టి ఒక మాట. గుర్రం మనకి బయటి జంతువేం కాదు. మనుమంచి భట్టు రాసిన 'హయలక్షణ విలాసము' పూర్తిగా గుర్రాల గురించే. తెలుగులో శాస్త్రం రాయలేమనేవాళ్ళకి చూపించాల్సిన పుస్తకాల్లో అదొకటి. కృష్ణదేవరాయల సైన్యానికి పోర్చుగీసు వర్తకులు ఓడల్లో గుర్రాలు తెచ్చి అమ్మేవారు. జీను, కళ్ళెం, రికాబు, లాడం, లాయం, దాణా, దౌడు, సకిలింపు, జూలు: ఎంత నిండైన మాటల మూట! ధరలకి కళ్ళెం వేస్తారు, కోరికలకి పగ్గాలు వేస్తారు, అభివృద్ధి దౌడు తీస్తుంది. గుర్రాన్ని ఎప్పుడూ ముట్టుకోని విలేకరులు కూడా రోజూ గుర్రపు భాషే రాస్తున్నారు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అనే సామెతని మేం లాయంలో నిలబడి విన్నప్పుడు దానిలోని లెక్క మరీ బాగా తెలిసింది.

ఫీజు కట్టేముందు

ఇప్పుడు ఆ నాన్నగారి ప్రశ్నకి. ఉపయోగం ఉంది, కానీ ప్రోగ్రాం ఎలాంటిదో చూడాలి. గుర్రం ఉన్నంత మాత్రాన ఏదీ రాదు. స్కూలుకి వెళ్ళినప్పుడు గ్రౌండ్ కన్నా ముందు లాయం చూపించమనండి. అక్కడ ఇవి చూడండి:

గుర్రాల పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయా? జీను కింద, నోటి మూలల్లో పుండ్లున్నాయా? తొట్టిలో నీళ్ళు శుభ్రంగా ఉన్నాయా, నీడ ఉందా? మన ఎండల్లో మధ్యాహ్నం క్లాసులు పెడుతున్నారంటే ఆలోచించాల్సిందే.

ఒక్కో గుర్రం రోజుకి ఎన్ని గంటలు పనిచేస్తుంది, సెలవు ఎప్పుడు, పశువైద్యుడు ఎన్నాళ్ళకోసారి వస్తాడు అని అడగండి. జవాబు తడుముకోకుండా రావాలి. జీనుతో కలిపి రైడర్ బరువు గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదన్నది చాలాచోట్ల పాటించే లెక్క.

గడ్డం కింద పట్టీ ఉన్న సరైన హెల్మెట్ ప్రతి పిల్లాడికీ, ప్రతిసారీ ఉండాలి. మడమ ఉన్న బూటు ఉండాలి, లేకపోతే పాదం రికాబులోంచి దూసుకుపోయి ఇరుక్కుంటుంది. పడితే ఈడ్చుకుపోతుంది. ఈ రెండూ లేని చోట ఉచితంగా నేర్పినా వద్దు.

పిల్లలు లాయం పని చేస్తారా, లేక సాయిస్ తయారుచేసి తెచ్చిన గుర్రం ఎక్కి పదిహేను నిమిషాలు తిరిగి దిగిపోతారా? రెండోదైతే అది సరదా. సరదా తప్పేం కాదు, కానీ దానికి వ్యక్తిత్వ వికాసం అని పేరు పెట్టి ఏడాది ఫీజు కట్టక్కర్లేదు.

ఖర్చు మాత్రం నిజమైన అడ్డంకే. గుర్రం పరీక్షలప్పుడూ తింటుంది, సెలవుల్లోనూ తింటుంది. అన్ని స్కూళ్ళూ భరించలేవు, భరించాలనీ లేదు. నేను పైన చెప్పిన వాటిలో సగం, కుక్కని పెంచే ఇంట్లోనో పాడిగేదెలున్న ఇంట్లోనో పెరిగిన పిల్లలకి కొంతవరకు వస్తాయి. తెల్లారి లేచి పాలు పితికి బడికొచ్చే పిల్లాడికి బాధ్యత గురించి గుర్రం కొత్తగా చెప్పేదేం లేదు. గుర్రం అదనంగా ఇచ్చేది ఒకటుంది. మనకన్నా పది రెట్లు బరువున్న, మనకన్నా పిరికిదైన ప్రాణి మన మీద నమ్మకం పెట్టుకుని నడవాలి. ఆ నమ్మకాన్ని అరిచి, కొట్టి, మార్కులు చూపించి తెచ్చుకోలేం. రోజూ ఒకేలా ఉండి తెచ్చుకోవాలి. పన్నెండేళ్ళ వయసులో ఎవరైనా ఈ సంగతి చేత్తో తెలుసుకుంటే, రేపు వాళ్ళ కింద పనిచేసే మనుషులకి కూడా మేలే.

మన కాలేజీ ఎన్‌సీసీలో ఉన్నవాళ్ళకి క్యాంపుల్లో గుర్రం దగ్గరికి వెళ్ళే అవకాశం ఎప్పుడైనా రావచ్చు. వస్తే వదులుకోకండి. సెల్ఫీ తర్వాత. ముందు భుజం వైపు నుంచి వెళ్ళండి, నెమ్మదిగా పలకరించండి, అరచెయ్యి చాపి వాసన చూడనివ్వండి. అది తల దించి ఊపిరి వదిలితే మొదటి క్లాసు మొదలైనట్టే.